కానుక మింగిన పెట్టె

యానాంలో అడుగుపెట్టిన మొట్టమొదటి కంప్యూటర్ నా నెత్తి మీద ఎక్కి వచ్చింది. నమ్మనివాళ్ళు నమ్మకపోదురు గాక, గోదారికి తెలుసు. అప్పటికింకా ఎదుర్లంక వంతెన కట్టలేదు. అవతలి రేవు నుంచి పంటు మీద వస్తుంటే సరిగ్గా నడిమధ్యలో ఇంజను ఆగిపోయింది. పైన వాన, కింద సుడి. సరంగు చేతులెత్తేశాడు. ఆడవాళ్ళు ఏడుపు లంకించుకున్నారు. నేను పంచె ఎగదోపి, తువ్వాలు చుట్ట చుట్టి నెత్తిన పెట్టి, దాని మీద ఆ కంప్యూటర్ని ఎక్కించుకుని గోదాట్లోకి దిగిపోయాను. ఒక చెయ్యి పెట్టెకి, ఒక చెయ్యి ఈతకి. దారిలో ఒక పులస నాకు తోడొచ్చింది. ఎదురీదడంలో దాన్ని మించింది లేదంటారు కదా, అదే రొప్పుతూ వెనకబడిపోయింది. పెట్టె మీద ఒక్క చుక్క పడితే ఒట్టు.

ఆ పెట్టె ఇప్పుడు మా ఇంటి ముందుగదిలో ఏసీ కింద ఉంది. మోసుకొచ్చిన నేను వరండాలో దోమలతో ఉన్నాను.

నా పేరు ప్రకాశరావు. దరియాలతిప్ప బడిలో ఐదో క్లాసు దాకా చదివాను. ఆ తర్వాత నాకు చదువు మీద, చదువుకి నా మీద విసుగు పుట్టి ఇద్దరం మర్యాదగా విడిపోయాం. వాచ్‌మన్‌గా సర్కారు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా ఆవిడ రత్నకుమారి. ఆవిడ తమ్ముడు ఏబెల్ మాతోనే ఉంటాడు. మా ముగ్గురిలో ఇల్లు నాది, మాట ఆవిడది, ముందుగది ఏబెల్‌ది. ముందుగదిలో కిటికీ పక్కన గోదారి గాలి వచ్చే చోట ఒకప్పుడు నా పడక కుర్చీ ఉండేది. ఆ కుర్చీలో పడుకుని నేను చెప్పిన కథలకి వీధి వీధంతా వచ్చి కూర్చునేది. ఇప్పుడా చోట ఒక అద్దాల బీరువా ఉంది. దానికి ఏబెల్ అంటించిన చీటీ మీద ‘ముట్టుకోవద్దు’ అని రాసి ఉంటుంది. నా ఇంట్లో, నా కుర్చీ చోట, నాకు.

ఏబెల్ చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తన్ని తగలేసేవాణ్ణి. వయసులో ఉన్నప్పుడు బజారు దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాడు. ఊళ్ళో సగంమందికి మీటలు నొక్కడం నేర్పింది వాడే. ఆ సెంటరు మూతపడింది. నేర్చుకున్నవాళ్ళు ఉద్యోగాలకి పోయారు. వీడు మాత్రం ఒక ఆఫీసులో రేషను కార్డుల వివరాలు ఎక్కించే పనిలో కుదురుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకుని ఉంటే ఆ వచ్చిన పిల్ల ఈ సామానంతా ఏనాడో గోదాట్లో కలిపేది, నాకీ అవస్థ తప్పేది.

మొదట ఒక్క పెట్టే వచ్చింది. అదెలా వచ్చిందో పైన చెప్పాను. సెంటర్లో వాడు నేర్చుకున్నదీ, నేర్పిందీ దాని మీదే. మొహం పసుపు బారిపోయి, ముందువైపు పాత పెద్ద ఫ్లాపీలు పెట్టే పొడుగాటి చీలికతో, నోరు కాస్త తెరిచి నిద్రపోతున్న ముసలాడిలా ఉంటుంది. పాపం, ఒక్కటే కదా ఉండనిద్దాం అనుకున్నాను. ఒక్కటిగా వచ్చినవి ఒక్కటిగా ఉంటాయా? దానికి తోడని ఇంకోటి వచ్చింది. టేపు రికార్డరు క్యాసెట్టు పెడితే గాని ఆట రానిదొకటి. చేత్తో పట్టుకు తిరగొచ్చని అప్పట్లో అమ్మారట, రుబ్బురోలంత బరువుది ఇంకొకటి. పాత ఆఫీసులు, మూసేసిన బళ్ళు, ఎవరు దేన్ని బయట పారేసినా మా వాడికి ఎలా తెలుస్తుందో, సాయంత్రానికల్లా ఆటోలో మా గుమ్మం ముందు దిగేది. ఫ్రెంచివాళ్ళు ఊరొదిలి వెళ్ళారు గాని మా బావమరిది సామాను వెళ్ళేట్టు లేదు.

వీటిని మించినవి కంప్యూటర్ ఆటల డబ్బాలు. బొమ్మలేసిన అట్టపెట్టెలు. ఒకదాని మీద కోట, ఒకదాని మీద విమానం, ఇంకొకదాని మీద కత్తి పట్టుకున్న మనిషి. ఎక్కడెక్కడి దేశాల నుంచో పోస్టులో వస్తాయి. వాటికి పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంటుంది. అది విప్పకూడదు. విప్పని వాటికే అందమట.

“లోపలేముందిరా?” అని ఒకసారి అడిగాను.

“తెలీదు బావా. తెరవలేదు కదా.”

“ఏమీ లేకపోతేనో?”

“తెరవనంతకాలం ఉన్నట్టే కదా.”

ఈ జవాబుకి నేను మూడు పూటలు అన్నం సరిగ్గా తినలేకపోయాను. ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు కొనుక్కొచ్చి, పొట్లం విప్పకుండా అద్దాల బీరువాలో పెట్టి, ఎదురుగా కూర్చుని లొట్టలేసేవాణ్ణి మీరెక్కడైనా చూశారా? మా ఇంటికి రండి.

ఇక వాటి సేవ. మా ఊరి గాలిలో ఉప్పుంటుంది, ఉప్పుకి ఇనుము తుప్పు పడుతుంది, అందుకని వాటికి ఏసీ. ముందుగది తడిగుడ్డతో తుడవకూడదు, చెమ్మ లేస్తుంది. అగరొత్తులు, దోమల చుట్టలు వెలిగించకూడదు, పొగ. ఇవన్నీ ఓర్చుకున్నాను. కాని మొన్న వానల్లో పులస దొరికింది. దొరకడమంటే మాటలా? రత్నకుమారి ఆవపెట్టి, బెండకాయలేసి, సన్నటి సెగ మీద పులుసు పెడదామని పొయ్యి దగ్గరికి పోతుంటే ఏబెల్ చేతులు కట్టుకుని అడ్డం నిలబడ్డాడు. పులుసు వాసన అట్టపెట్టెల్లోకి దిగితే మరి పోదట. మరొకరింటికి చేపనిచ్చి పులుసు పెట్టించుకుని, గిన్నె తెచ్చుకుని, సొంత ఇంటి వరండాలో మెట్ల మీద కూర్చుని తిన్నాను. యానాంలో పుట్టినవాడికి ఇంతకన్నా అవమానం ఇంకోటి ఉందా? ముళ్ళు తీసుకుంటూ కిటికీలోంచి లోపలికి చూశాను. పసుపు మొహం పెట్టె నోరు తెరుచుకుని నా వంకే చూస్తోంది, ఏసీలో.

రత్నకుమారికి పులుసు కాదు బాధ. ఆవిడ బాధ వేరు. మా సంఘంలో నెల నెలా ఒకరింట్లో ప్రార్థన కూటం జరుగుతుంది. వంతు ప్రకారం వస్తుంది. మా వంతు వచ్చినప్పుడు చాపలు వెయ్యడానికి జాగా లేదని ఒకసారి వదులుకుంది. రెండోసారి వచ్చినప్పుడు జోసెఫిన్ వాళ్ళింట్లో పెట్టుకున్నారు. జోసెఫిన్ మా సంఘంలో పెద్దావిడ, కానుకల పెట్టె ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆ రోజు జోసెఫిన్ ఏమీ అనలేదు. ‘మీ ఇంట్లో మిషన్లుంటాయి కదమ్మా’ అని మాత్రం అంది. ఆ ఒక్క మాట మా ఆవిడ గుండెల్లో ముల్లై దిగబడింది.

అందుకని మూడోసారి మా వంతు వచ్చిన వారం, పొద్దున్నే కాఫీ గ్లాసు తమ్ముడి ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆవిడ కూర్చుని మాట్లాడిందంటే అది తీర్పని మా ఇద్దరికీ తెలుసు.

“ఒరే, ఈసారి కూటం మనింట్లోనే. నీ సామాను గోడలకి జరుపు. కూటం అయిపోయేలోపు, ఈ సామాను ఉండాలనుకునే మనిషిని, నువ్వు కాకుండా, ఒక్కరిని నాకు చూపించు. ఒక్కరు చాలు. నువ్వు చెయ్యి పట్టుకు లాక్కొచ్చినోళ్ళు కాదు, వాళ్ళంతట వాళ్ళు. చూపించలేకపోతే మర్నాడు పొద్దున్న పాత ఇనుము బండొత్తది. నేను చెప్పేశాను బండోడికి.”

ఏబెల్ కాఫీ తాగకుండానే లేచి, పొడిగుడ్డ తెచ్చి పెట్టె మొహం తుడవడం మొదలెట్టాడు. నాకు లోపల ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. పడక కుర్చీ అటక మీద ఎక్కడుందో చూసుకొచ్చాను కూడా.

చెయ్యి పట్టుకు లాక్కురావడమని ఆవిడ ఊరికే అనలేదు. వాడు ఇది కొన్నాళ్ళుగా చేస్తున్నదే. గ్యాసు బండ తెచ్చినవాణ్ణి బండ భుజం మీద ఉండగానే ముందుగదంతా తిప్పి చూపించాడు. కరెంటు రీడింగుకి వచ్చినవాడు ఇప్పుడు మా ఇంటి మీటరు బయట నుంచే చూసి పోతున్నాడు. ఆటో పాపారావుకి టీ ఇచ్చి కూర్చోబెట్టి గంటసేపు చెబితే, అంతా విని, ఆ క్యాసెట్టు మిషన్లో పాత పాటలు వస్తాయా అని అడిగాడు. రావన్నాక మళ్ళీ రాలేదు. అడిగి వచ్చినవాళ్ళు ఈనాటి వరకూ లేరు. వాడి దగ్గర నేర్చుకున్నవాళ్ళు కూడా. దారిలో కనిపిస్తే సార్ అని నవ్వుతారు, అంతే.

కూటం రోజు మధ్యాహ్నం నుంచి ఏబెల్ సామాను జరపడం మొదలెట్టాడు. జరుపుతున్నంతసేపూ నన్ను పట్టుకోమంటాడు, పట్టుకుంటే అక్కడ పట్టుకోవద్దంటాడు. నన్ను ఉత్త బావా అంటాడు గాని, వాటి గురించి మాట్లాడితే అంతా మన్ననే. “ఈయన్ని మెల్లిగా బావా, ఈయన నడుం మంచిది కాదు” అంటాడు. నా నడుం సంగతి ఎవడికీ పట్టలేదు. బీరువాలు గోడలకి చేరాయి, రుబ్బురోలు మిషన్ మంచం కిందికి పోయింది, చాపలకి జాగా దొరికింది. పసుపు మొహం పెట్టెని మాత్రం వాడు దాచలేదు. గుమ్మం పక్కన ప్లగ్గు దగ్గర ఒక స్టూలు మీద పెట్టి, దాని టీవీని కిటికీ గట్టు మీదికి ఎక్కించాడు. వాడి ఆలోచన నాకు తెలిసిపోయింది. కూటం అయ్యాక టీలు తాగే వేళకి మాటల్లో మాటగా స్విచ్చి వేస్తాడు. పచ్చటి అక్షరాలు పడతాయి. ఎవరో ఒకరు, ఇదేంటని అడక్కపోతారా అని.

రత్నకుమారి వచ్చి చూసింది. ఆ పసుపు మొహం గుమ్మంలోనే కనబడితే సంఘం ముందు తలెత్తుకోలేనంది. గాలాడకపోతే వేడెక్కిపోతుందని తమ్ముడు బతిమాలాడు. చివరికి ఇద్దరికీ రాజీ కుదిరి, ఆవిడ పెళ్ళినాటి తెల్ల లేసు గుడ్డ తెచ్చి పెట్టె మీద కప్పి, ముందువైపు చీలిక ఉన్న మేర కాస్త పైకి మడిచింది. పైన ఒక గ్లాసులో రెండు నందివర్ధనం పూలు పెట్టింది. చూడముచ్చటగానే ఉంది.

ఇక్కడ మా సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరింట్లో కూటమైనా గుమ్మం పక్కన స్టూలు వేసి, తెల్ల గుడ్డ పరిచి, దాని మీద కానుకల పెట్టె పెడతారు. అది కర్రపెట్టె, ముందువైపు చీలిక ఉంటుంది. కానుక పాట పాడేటప్పుడు ఒక్కొక్కరే లేచి వెళ్ళి వేసి వస్తారు. వేసేటప్పుడు పెట్టె వంక చూడకూడదు. తల వంచుకుని, కళ్ళు దించుకుని, చేత్తో తడుముకుని వేసెయ్యాలి. తనెంత వేశాడో తనే మురిసిపోకుండా ఒకటి, పక్కవాడు ఎంత వేశాడో లెక్కెట్టకుండా ఒకటి. మా తాతల నాటి నుంచీ ఇదే వరస.

ఆ సాయంత్రం జోసెఫిన్ కానుకల పెట్టె తెచ్చి ఇచ్చేసరికి రత్నకుమారి చేతుల్లో బొబ్బర్లు ఉడికిన గిన్నె ఉంది. పెట్టెని పట్టుకెళ్ళి వంటింట్లో ఫ్రిజ్ మీద పెట్టి, మళ్ళీ బొబ్బర్ల తాలింపులో పడి మర్చిపోయింది.

ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది. నాకూ అర్థమైంది, కాకపోతే ఆలస్యంగా.

కూటం బాగా జరిగింది. వాన వెలిసింది. పాస్టరుగారు వాక్యం చెబుతుంటే అందరూ శ్రద్ధగా విన్నారు. ఏసీ చల్లదనానికి ఒకరిద్దరు మరీ శ్రద్ధగా విని గురక పెట్టారు. ఏబెల్ ముందు వరసలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. వాడు దేవుణ్ణి ఏమడుగుతున్నాడో ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను వెనకాల, గుమ్మానికి దగ్గరగా గోడకి ఆనుకున్నాను. కానుక పాట మొదలైంది. జోసెఫిన్ లేచింది. తల వంచుకుని వచ్చి, గుడ్డ అంచు తడిమి, చీలిక దొరకబుచ్చుకుని, చేతిలోది వేసి వెళ్ళిపోయింది. లోపల టంగుమంది.

ఆ టంగు కర్రపెట్టెది కాదు.

గబుక్కున చూశాను. కంప్యూటర్ నోట్లో కానుక. చెప్పేద్దామని నోరు తెరిచాను. కాని ఏమని చెప్పను? పెట్టె వంక చూశానని చెప్పాలి. కానుక వేసేటప్పుడు జోసెఫిన్ చేతి వంక చూశానని సంఘమంతటి ముందు ఒప్పుకోవాలి. అందులోనూ గతంలో ఒకసారి ఇలాగే చూశానని పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచి చెప్పి ఉన్నారు. నోరు మూసుకున్నాను. ఈలోపు రెండో మనిషి వచ్చాడు. టంగు. మూడో ఆవిడ మడిచిన నోటు, అది చప్పుడు లేకుండా జారింది. పాటేమో పొడుగాటి పాట. అందరూ చరణం చరణానికీ లేచి వస్తున్నారు. పాస్టరుగారూ వచ్చారు. రత్నకుమారి తనదీ, తమ్ముడిదీ ముందే నా చేతిలో పెట్టి ఉంది. చివరికి నా వంతు. నేనొక్కణ్ణీ వంటింట్లోకి పోతే అందరి కళ్ళూ నా మీదే. ఏం చెయ్యను? నేనూ తల వంచుకుని వెళ్ళి అందులోనే వేశాను.

ఆఖరి ప్రార్థన అయింది. ఇంకా ఎవరూ లేవకముందే ఏబెల్ లేచి, ఒక్క నిమిషం కూర్చోమని అందర్నీ అడిగాడు. గ్లాసు తీసి నా చేతికిచ్చి, లేసు గుడ్డ లాగాడు. జేబులోంచి పాత ఫ్లాపీ ఒకటి, తమలపాకు పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో తీసి చీలికలో పెట్టాడు. సగం దాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ తోశాడు. లోపల గలగలమంది.

“బావా,” అన్నాడు నా వంక తిరిగి, “ఇందులో ఎవరో ఏదో పెట్టారు.”

నేను పైకప్పు వంక చూశాను. మా ఇంటి పైకప్పు అంత శ్రద్ధగా నేనెప్పుడూ చూసి ఉండను.

జోసెఫిన్ కళ్ళజోడు సర్దుకుని చూసింది. “ఏటి ఏబెలూ, అది కానుకల పెట్టి కాదా? తెల్లగుడ్డేసి, పువ్వులెట్టి గుమ్మంలో ఎడితేను.”

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పాస్టరుగారు మెల్లిగా, తనూ అందులోనే వేశానన్నారు. రత్నకుమారి వంటింటి వైపు చూసి, ఫ్రిజ్ గుర్తొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏబెల్ మాత్రం ఆ పెట్టె నెత్తి మీద చెయ్యేసి అలాగే నిలబడ్డాడు. జబ్బుపడిన మనిషి నుదుటి మీద చెయ్యి వేసినట్టు. నాకు నవ్వు రావాలి నిజానికి. నా కుర్చీ చోటు నాకు వచ్చేస్తోంది. మరెందుకో రాలేదు.

అప్పుడు మా సంఘం రెండో పద్ధతి అడ్డం వచ్చింది. కానుక తీసేది సంఘమంతటి ఎదటే. తీసి, పాస్టరుగారు ప్రార్థన చేసే వరకూ ఎవరూ కదలకూడదు. ఎప్పుడో ముందు తరంలో ఏదో పేచీ వచ్చి పెట్టుకున్న కట్టుబాటు. కాబట్టి పాస్టరుగారు ఎవరినీ వెళ్ళొద్దన్నారు. ఏబెల్‌ని పెట్టె విప్పమన్నారు.

వాడు స్క్రూడ్రైవరు తెచ్చాడు. కింద చాప మీద కూర్చున్నాడు. చుట్టూ సంఘం. వెనకున్నవాళ్ళకి కనబడక ముందుకొచ్చారు, ముందువాళ్ళు వంగారు, పాస్టరుగారు సెల్‌ఫోను లైటు వేసి పట్టుకున్నారు. ఇన్నాళ్ళూ ఒక్కరి కోసం గుమ్మం వంక చూసినవాడికి, ఒక్కసారే ఇంతమంది తలలు వంచి నిలబడ్డారు. వాడు తల వంచుకుని స్క్రూలు తీసి వరసగా పళ్ళెంలో పెడుతున్నాడు. పైమూత లేచింది. జోసెఫిన్ లోపలికి తొంగిచూసి, చిన్న ఊరిలాగుందే, ఇళ్ళూ వీధులూ ఉన్నాయి అంది. వాడు తలెత్తాడు. అవును పిన్నిగారూ, ఇదిగో ఇది పెద్ద బజారు అని చూపించాడు. అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. ఇది గుర్తుపెట్టుకునేది, ఇది లెక్క చూసేది, ఇదిగో ఇది కరెంటు పంచేది అంటూ ఒక్కొక్కటీ తీసి చూపించాడు. అడిగేవాళ్ళు అడుగుతున్నారు, చెప్పేవాడు చెబుతున్నాడు. పాస్టరుగారైతే వాక్యం మధ్యలో కూడా అన్ని ప్రశ్నలు వెయ్యలేదు.

ఇదెక్కడిదని ఎవరో అడిగారు. ఏబెల్ నా వంక చూశాడు. నేను గొంతు సవరించుకున్నాను, గోదారి, పంటు, పులస అన్నీ నాలిక చివర సిద్ధంగా ఉన్నాయి. కాని ఆ పెట్టె పేగులన్నీ బయటపడేసుకుని అంత నిజాయితీగా పడుకుని ఉండగా నాకు అబద్ధం రాలేదు. సరే, ఆ ఈత సంగతి ఇక్కడితో తీసేద్దాం. అది గోదారి దాటి రాలేదు. కాకినాడలో పాత ఇనుము కొట్లో, కాటా ఎక్కబోతుంటే ఏబెల్ చూసి గుర్తుపట్టాడు. పాపారావు ఆటోలో ఇంటికి తెచ్చాం. పెట్టె వాడి ఒళ్ళో, కీబోర్డు నా ఒళ్ళో. దారి పొడుగునా నా మోకాళ్ళు నొప్పెడుతున్నాయని నేను గొణిగాను. మొదటి కంప్యూటర్ కూడా కాదు. యానాంకి మొదటిది ఎవరు తెచ్చారో నాకు తెలీదు. పులస సంగతి కూడా చెప్పమంటారా? నాకు ఈత రాదు.

జోసెఫిన్ చెయ్యి చాచి, ఏబెల్‌ని అడిగి, కీబోర్డు మీద ఒక వేలు పెట్టింది. “మా సౌమ్య నేర్సుకున్నది దీని మీదేనా?”

“దీని మీదే పిన్నిగారూ. ఇదిగో ఈ మీట అరిగిపోయి ఉంది చూడండి. సౌమ్య దీన్ని గట్టిగా కొట్టేది. ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు.”

ఆవిడ ఆ అరిగిన మీట మీద నుంచి వేలు తీయలేదు కాసేపు. సౌమ్య ఆవిడ కూతురు, ఇప్పుడు వేరే ఊళ్ళో టీచరు.

నేను మెల్లిగా రత్నకుమారి పక్కకి జరిగాను. చూశావా, ఒక్కరన్నావు, ఇంతమంది అన్నట్టు కళ్ళతో సైగ చేశాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“లెక్కలోకి రాదండి,” అంది గుసగుసగా. “వీళ్ళు కానుక కోసం నిలబడ్డారు. మీరే చెప్పండి, పాస్టరుగారు వెళ్ళొచ్చంటే వెళ్ళిపోరా?”

న్యాయంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. నేను మళ్ళీ వెనక్కి పోయి గోడకి ఆనుకున్నాను.

కానుకంతా బయటికి వచ్చింది. ఆఖరి బిళ్ళ ఒక ఇరుకులో పడిపోతే వాడు సూది దారంతో తీశాడు, చెవిలో గుబిలి తీసినంత జాగ్రత్తగా. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఇక వెళ్ళొచ్చన్నారు. ఎవరూ కదల్లేదు. అందుకు బొబ్బర్లు ఇంకా పంచలేదన్న కారణం కూడా ఉండొచ్చు, నేను కాదనను.

ఏబెల్ పెట్టెని మళ్ళీ బిగించాడు. స్టూలు మీద పెట్టాడు. తీగ తగిలించాడు. స్విచ్చి మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. అంతా చూసేశారు, అంతా మెచ్చుకున్నారు, ఇప్పుడిది లేవకపోతే ఇక మాట్లాడ్డానికేముంది? పొద్దున్నకి పాత ఇనుము బండి వస్తుంది. కాకినాడ కాటా మీద నుంచి తప్పించుకొచ్చింది మళ్ళీ కాటా ఎక్కుతుంది. స్విచ్చి వేశాడు.

ఏమీ లేదు. టీవీ నల్లగా ఉంది. పంకా ఒకటి లోపల మూలుగుతోంది. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఏబెల్ కళ్ళు మూసుకున్నాడు. వాన చుక్కలు చూరు నుంచి పడుతున్న చప్పుడు వినిపించింది.

కుయ్ మంది పెట్టె. ఒక్కసారే, చిన్నగా, కోడిపిల్ల గుడ్డులోంచి పిలిచినట్టు. టీవీ మీద పచ్చటి అక్షరం ఒకటి పడింది. దాని పక్కన ఇంకొకటి.

అందరూ ఒక్క గొంతుతో ఆమేన్ అన్నారు.

రత్నకుమారి తల తిప్పి వెనక్కి చూసింది. అలా చాలాసేపు చూసింది. తర్వాత లేచి వంటింట్లోకి పోతూ, నా పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఆగింది.

“బండోడికి ఫోన్ చేసి రావొద్దని చెప్పండి,” అంది.

ఇదీ జరిగింది. ఆ తర్వాత నా బతుకేమీ బాగుపడలేదు. జోసెఫిన్ చెప్పిందని సౌమ్య సెలవులకి వచ్చి చూసి వెళ్ళింది. వెళ్తూ తన స్కూల్లో అటకెక్కిన మిషన్ ఒకటుందని ఏబెల్ చెవిన వేసి వెళ్ళింది. అది వస్తోందట. దానికి జాగా కోసం వాడు నిన్న వరండా కొలిచాడు. కొలుస్తూ, బావా కాస్త కాళ్ళు ముడుచుకో అన్నాడు. ఈసారి పులస దొరికినా పులుసు పెట్టించుకోవడం పొరుగింట్లోనే. పడక కుర్చీ అటక మీదే ఉంది. ఆటల డబ్బాల్లో ఏముందో ఎవడికీ తెలీదు.

చెప్పిందంతా నిజమే. ఈత సంగతి ఎలాగూ ముందే తీసేశాను. పసుపు మొహం, కానుక, లేసు గుడ్డ, నేను పైకప్పు చూడ్డం అన్నీ జరిగినవే, జోసెఫిన్‌ని అడగండి. ఒక్కటి మాత్రం కల్పించాను. పెట్టె కుయ్ మన్నప్పుడు అందరూ ఆమేన్ అన్నారని రాశాను చూశారూ, అది. అందరూ అనలేదు. అందరూ నోళ్ళు తెరుచుకుని టీవీ వంక చూస్తున్నారు. అన్నది ఒక్కడే, వెనకాల, గోడకి ఆనుకున్నవాడు. నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. రత్నకుమారి తల తిప్పింది ఆ గొంతు ఎవరిదో చూడ్డానికే.

ఒక్కరు చాలన్నది కదా ఆవిడ.